తక్కువగా తిరిగే మోటార్‌హోమ్‌కు సర్వీసు ఎప్పుడెప్పుడు చేయించాలి?

ఆరేళ్ల నాటి మోటార్‌హోమ్‌ను (లోపల ఇల్లులా అమర్చిన బండిని) పాత యజమాని దగ్గర కొన్నాననీ, దాని పాత సర్వీసు కాగితాలేవీ లేవనీ, అది ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లకు మించి తిరగదనీ, మాన్యువల్‌లో మాత్రం సర్వీసు గడువు 40,000 కిలోమీటర్లు లేదా 2 ఏళ్లు అని ఉందనీ, కాబట్టి రెండేళ్లకు ఒకసారి గ్యారేజీకి తీసుకువెళితే సరిపోతుందా అనీ మీరు అడిగారు. సరిపోదు. మాన్యువల్‌లో ఉన్నది తప్పు కాదు గాని, అది ఇంజిన్‌కూ చాసిస్‌కూ (అంటే బండి కింది చట్రానికీ) మాత్రమే వర్తించే గడువు. క్రమం తప్పకుండా తిరిగే బండిని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినది కూడా. మీ బండి ఏడాదిలో ఎక్కువ రోజులు ఒకేచోట నిలబడి ఉంటుంది. మోటార్‌హోమ్‌ను తిరగడం అరగదీసేదానికంటె నిలబడి ఉండడం పాడుచేసేది ఎక్కువ. అందువల్ల మీరు ఓడోమీటరును కాక క్యాలెండర్‌ను చూసి సర్వీసు చేయించుకోవాలి. సంవత్సరానికి ఒక పూర్తి సర్వీసు కనీస అవసరం. మీ చేతులతో మీరే చేయవలసిన చిన్న పనులు మూడు నెలలకు ఒకసారి, కొన్ని నెలకు ఒకసారి ఉంటాయి.

మోటార్‌హోమ్‌లో నిజానికి రెండు వేర్వేరు వస్తువులున్నాయి. చాసిస్, ఇంజిన్, బ్రేకులు ఒక వాహన కంపెనీ తయారుచేస్తే, దానిమీద గోడలు, పైకప్పు, నీళ్ల పైపులు, గ్యాస్ పైపులు అమర్చి ఇంటిగా మలిచేది వేరొక కంపెనీ. లోపలి ఫ్రిజ్, హీటర్, టాయిలెట్ మరికొందరు చేసినవి. వాహన కంపెనీ గ్యారేజీలో సర్వీసు చేసే మెకానిక్ పైకప్పు ఎక్కి చూడడు, గ్యాస్ పైపులు ముట్టుకోడు. అది అతని పని కాదు. చాలామంది కొత్త యజమానులు ఒక సర్వీసు బిల్లు చేతికి రాగానే బండి అంతా చూపించేశామని నమ్ముతారు. మీరు ప్రతి సంవత్సరం రెండు సర్వీసులు చేయించాలి: ఒకటి వాహనానికి, మరొకటి నివాస భాగానికి. ఈ రెండో దానిని మోటార్‌హోమ్‌ల పని తెలిసిన వర్క్‌షాపులోనే చేయించాలి.

ముందుగా వాహన భాగం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ వ్యానుకైనా ఉండేదే. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ ఎంత తక్కువ తిరిగినా ఏడాదికి ఒకసారి మార్చడం మంచిది. చిన్న చిన్న దూరాలు నడిపినప్పుడు ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు; అందువల్ల ఆయిల్‌లో చేరిన తేమ, కాలని ఇంధనం ఆవిరై పోకుండా అక్కడే మిగిలి ఆమ్లగుణాన్ని పెంచుతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకునే స్వభావం గలది కాబట్టి రెండేళ్లకు ఒకసారి మార్చాలి. తేమ చేరిన ఫ్లూయిడ్ తక్కువ వేడికే మరుగుతుంది, మూడున్నర టన్నుల బండి పొడవైన కొండదారి దిగుతున్నప్పుడు అది మరిగితే బ్రేకు పెడల్ నేలకు దిగిపోతుంది. టైమింగ్ బెల్టు (వాల్వులనూ పిస్టన్లనూ లయ తప్పకుండా నడిపే రబ్బరు పట్టీ) ఉన్న ఇంజిన్ అయితే దానికి కిలోమీటర్లతోపాటు సంవత్సరాల గడువు కూడా ఉంటుంది. రబ్బరుకు తిరిగిన దూరం కంటె గడిచిన కాలం ముఖ్యం. మీ బండి ఆరేళ్లది, బెల్టు మార్చినట్లు కాగితం లేదంటే మారలేదనే అనుకోండి. అది తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ మొత్తం విప్పవలసి వస్తుంది.

నిలిపి ఉంచిన బండిని వారానికి ఒకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఆడించి ఆపేసే అలవాటు చాలామందికి ఉంది. దయచేసి అలా చేయకండి. ఆ పది నిమిషాల్లో ఇంజిన్ లోపల చెమ్మ పుడుతుంది గాని అది ఎండిపోయేంత వేడి పుట్టదు. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఖర్చుపెట్టిన శక్తి కూడా పూర్తిగా తిరిగి చేరకపోవచ్చు. డీజిల్ బండి అయితే పొగ గొట్టంలోని ఫిల్టర్ మసితో నిండుతుంది. దానికి బదులు నెలకు ఒకసారి, కనీసం అరగంట నుంచి నలభై నిమిషాలు, సాధారణ వేగంతో రోడ్డుమీద నడపండి. బ్రేకు డిస్కుల మీది తుప్పు రాలుతుంది, గేర్‌బాక్స్‌లో నూనె తిరుగుతుంది, టైర్లు నేలను తాకే చోటు మారుతుంది. నడిపే ఆ అరగంటలోనే ఏసీని కూడా వేయండి, కంప్రెసర్ సీళ్లకు నూనె అందుతుంది. బండిని ఎక్కువ కాలం నిలపదలచినప్పుడు సమతలమైన చోట చక్రాలకు అడ్డుదిమ్మెలు పెట్టి, వీలైతే గేరులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వదిలివేయడం మంచిది. లేకపోతే తడి వాతావరణంలో బ్రేకు ప్యాడ్లు డిస్కులకు అతుక్కుపోతాయి.

టైర్ల విషయంలో మోటార్‌హోమ్ యజమానులు తరచుగా మోసపోతుంటారు, ఎందుకంటే ఈ బండ్లకు టైరు మీది గాళ్లు అరగకముందే టైరు ముసలిదైపోతుంది. చూడడానికి కొత్తదానిలా ఉండి, లోపల రబ్బరు గట్టిపడి, పక్కగోడల మీద సన్నని పగుళ్లు వస్తాయి. టైరు పక్కన డాట్ అనే అక్షరాల తర్వాత వచ్చే సంకేతంలో చివరి నాలుగు అంకెలు తయారీ తేదీని చెబుతాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. అయిదేళ్లు దాటాక ఏటా ఒక టైరు నిపుణుడితో లోపలా బయటా పరీక్ష చేయించండి. ఏడేళ్లకు మార్చండి అని నేను సలహా ఇస్తాను. ఎంత కొత్తగా కనిపించినా పదేళ్లు దాటిన టైరు మీద మాత్రం ప్రయాణం చేయకండి. ముందు చక్రాలవి ఒక తేదీ, వెనకవి ఒక తేదీ, స్టెప్నీది మరొక తేదీ కావచ్చు కాబట్టి అన్నింటిమీదా చదవండి. వెనక జంట చక్రాలుంటే లోపలి టైరు సంకేతం చదవడానికి బండి కిందికి దూరవలసి వస్తుంది. అందుకని దాన్ని వదిలేయవద్దు.

గాలి ఒత్తిడిని టైర్లు చల్లగా ఉన్నప్పుడు నెలకు ఒకసారి, ప్రతి పెద్ద ప్రయాణానికి ముందు ఒకసారి చూడాలి. ఎంత గాలి పెట్టాలన్నది బండి బరువును బట్టి ఉంటుంది కాబట్టి, నీళ్లు, సామాను, మనుషులు అందరితో కలిపి బండిని ఒకసారి వే బ్రిడ్జి మీద తూయించండి, ముందు ఇరుసు బరువు వేరుగా, వెనక ఇరుసు బరువు వేరుగా. అనుకున్నదానికంటె ఎక్కువ బరువు మోస్తున్నామని చాలామందికి తెలిసేది ఆ రోజే. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 50 నుంచి 100 కిలోమీటర్ల తర్వాత నట్లను టార్క్ రెంచితో (నిర్ణీత బలంతో బిగించే పనిముట్టుతో) మళ్లీ సరిచూడాలి. నెలల తరబడి ఎండలో నిలిచే బండి టైర్లకు తొడుగులు వేస్తే పక్కగోడల పగుళ్లు ఆలస్యమవుతాయి.

ఇక నేను అన్నిటికంటె ఎక్కువగా పట్టించుకొమ్మని చెప్పేది పైకప్పు, గోడలు. ఇంజిన్ పాడైతే మార్చవచ్చు, టైర్లు మార్చవచ్చు. గోడ లోపలికి నీరు చేరి చట్రం కుళ్లితే ఆ బండి విలువ దాదాపు పోయినట్లే. చాలా మోటార్‌హోమ్‌ల గోడ పొరలు పొరలుగా ఉంటుంది: బయట అల్యూమినియం లేదా ఫైబర్ గ్లాస్ రేకు, మధ్యలో థర్మాకోల్ వంటి ఇన్సులేషన్, కొన్నింటిలో కర్ర చట్రం, లోపల పలుచని ప్లైవుడ్. కిటికీలు, పైకప్పు వెంటిలేటర్లు, ఏసీ, సోలార్ ప్యానెల్ బిగించిన ప్రతిచోటా, మూలలు కలిసే ప్రతి అంచులోనూ ఒక రంధ్రమో అతుకో ఉంటుంది. వాటిని మూసి ఉంచేది సీలెంట్ (సందులు మూసే జిగురు పదార్థం) ఒక్కటే. రోడ్డు మీది కుదుపు, పగటి వేడి, రాత్రి చలి కలిసి ఏళ్లు గడిచేకొద్దీ ఆ సీలెంట్‌ను గట్టిపరచి పగలగొడతాయి. వెంట్రుకవాసి పగులు చాలు. దారిలో పోతున్నప్పుడు ఎదురుగాలి వానను ఆ పగులులోకి ఒత్తిడితో తోస్తుంది.

లోపలికి చేరిన నీరు చేరిన చోటే కనిపించదు. చట్రం వెంట జారి ఎక్కడో దూరాన, బీరువా మూలలోనో మంచం కిందనో బయటపడుతుంది. అప్పటికే సంవత్సరాలు గడిచి ఉండవచ్చు. గోడ లోపలి కాగితం అలలుగా లేవడం, ఒక మూల నల్లటి చుక్కలు, మూసి ఉంచిన బండి తలుపు తీయగానే ముక్కిన వాసన, నేల మీద ఒకచోట అడుగు వేస్తే మెత్తగా దిగడం, బయటి గోడ మీద బుడగలా ఉబ్బు, ఇవన్నీ ఆలస్యంగా కనిపించే గుర్తులు. వీటికోసం ఎదురుచూడకూడదు. అందుకే ఏడాదికి ఒకసారి తేమ మీటరుతో బండి అంతటా, ముఖ్యంగా కిటికీల చుట్టూ, పైమూలల్లో, చక్రాల గూళ్ల దగ్గర, కొలతలు తీయించి కాగితం మీద రాయించుకోవాలి. సాధారణంగా 15 శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 15 నుంచి 20 మధ్య ఉంటే మూడు నెలల్లో మళ్లీ కొలవాలి. 20 దాటితే నీరు ఎక్కడినుంచి వస్తోందో వెతికి తీరాలి. 30 దాటిన చోట లోపలి కర్ర ఇప్పటికే చెడిపోతూ ఉండవచ్చు. ఒక్క కొలత కంటె ఏటేటా కొలతల మార్పు ఎక్కువ చెబుతుంది; నిరుడు 12 ఉన్న మూల ఈ ఏడు 18 చూపిస్తే అది ఇంకా ప్రమాదరేఖ దాటలేదని ఊరుకోవద్దు. లోపల వంట చేసి, జనం పడుకుని లేచిన వెంటనే కొలిస్తే ఊపిరి తేమ వల్ల కూడా అంకె పెరుగుతుంది కనుక ఒకరోజు గాలి ఆడనిచ్చి కొలవాలి.

వర్క్‌షాపు వారి పరీక్ష ఏడాదికి ఒకటయితే, మీ కంటి పరీక్ష మూడు నెలలకు ఒకటి ఉండాలి. నిచ్చెన వేసుకుని పైకప్పు అంచులన్నీ చూడండి. అన్ని పైకప్పులూ మనిషి బరువును మోయవు కాబట్టి మాన్యువల్ అనుమతిస్తేనే పైన అడుగు పెట్టండి. పెద్ద గాలివాన తర్వాత, చెట్టుకొమ్మ తగిలిన తర్వాత ఆ మూడు నెలలు ఆగకుండా అప్పుడే చూడాలి. పగిలిన సీలెంట్ కనిపిస్తే పాతదాని మీదనే కొత్తది పూయకండి. పాతది గీకి, శుభ్రం చేసి, ఆరనిచ్చి, బండి తయారీదారు ఆ పైకప్పుకు సూచించిన రకమే వాడాలి. సాధారణ సిలికాన్ ఇక్కడ పనికిరాదు. అది కొంతకాలానికి ఊడివస్తుంది, పైగా అది అంటిన చోట తర్వాత మరేదీ సరిగా అంటదు. రబ్బరు పైకప్పు అయితే పెట్రోలియం కలిసిన క్లీనర్లు దాన్ని ఉబ్బిస్తాయి. కొత్త బండి కొన్నవారికి ఇంకొక మాట: చాలా కంపెనీలు నీరు చొరకుండా ఇచ్చే వారంటీ ఏటా ఈ పరీక్ష చేయించి ముద్ర వేయించుకుంటేనే చెల్లుతుంది, ఒక్క ఏడాది తప్పినా పోతుంది.

గ్యాస్ వ్యవస్థ ఏడాదికి ఒకసారి అర్హత గల టెక్నీషియన్ చేతికే వెళ్లాలి. అతడు పైపులన్నింటినీ ఒత్తిడి పెట్టి లీకు పరీక్ష చేస్తాడు, ఫ్రిజ్, హీటర్, పొయ్యిల బర్నర్లను శుభ్రం చేస్తాడు, పొగ బయటకు పోయే గొట్టాలను చూస్తాడు. నెలల తరబడి వాడని బర్నర్లలో సాలీళ్లు, కందిరీగలు గూళ్లు పెట్టుకుంటాయి. నీలంగా మండవలసిన మంట పసుపు రంగులోకి తిరిగితే గాలి సరిగా అందడం లేదని అర్థం, అప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. రబ్బరు గ్యాస్ పైపు మీద, రెగ్యులేటర్ మీద తయారీ తేదీ ముద్రించి ఉంటుంది. వాటి గడువు ఆయా దేశాల నిబంధనలను, తయారీదారును బట్టి మారినా, పదేళ్లు దాటిన రెగ్యులేటర్‌ను పనిచేస్తోంది కదా అని ఉంచుకోకండి. సిలిండర్ మార్చిన ప్రతిసారీ బిగింపు దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. అగ్గిపుల్లతో పరీక్షించే పని ఎన్నడూ చేయకండి. వంటగ్యాస్ గాలికంటె బరువైనది, అందుకే నేలలోనూ గ్యాస్ సిలిండర్ ఉంచే గూటి అడుగునా రంధ్రాలు ఉంటాయి. చలిగాలి వస్తోందని వాటికి గుడ్డలు కుక్కేవారు ఉన్నారు. కారిన గ్యాస్ పోవడానికి ఉన్న దారి అదే.

కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలో ఉన్నవారు లేవరు. దాని అలారం లేకుండా ఒక్క రాత్రి కూడా బండిలో పడుకోకండి. అలారం బటన్‌ను నెలకు ఒకసారి నొక్కి చూడాలి. బటన్ నొక్కితే మోగుతుంది గాని అది బ్యాటరీ, సైరన్ బాగున్నాయని మాత్రమే చెబుతుంది. లోపలి సెన్సర్‌కు వేరే ఆయుష్షు ఉంటుంది, ఆ తేదీ వెనక ముద్రించి ఉంటుంది. గ్యాస్ లీకు డిటెక్టర్‌కూ అంతే. మీ బండి ఆరేళ్లది కనుక ఈ రెండింటి గడువు ముగిసి ఉండే అవకాశం బాగా ఉంది, ఈ రోజే తిప్పి చూడండి.

నీళ్ల ట్యాంకును ప్రతి సీజన్ మొదట్లో, అలాగే బండి కొన్ని వారాలు నిలిచిన తర్వాత క్రిమిరహితం చేయాలి. సుమారు 60 లీటర్ల నీటికి 60 మిల్లీలీటర్ల వాసన కలపని గృహ బ్లీచ్ (5 శాతం బలం గలది) కలిపి ట్యాంకు నింపి, ప్రతి కొళాయిలో బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, కొన్ని గంటలు ఉంచి, వాసన పోయేవరకు మంచినీళ్లతో కడగాలి. ముందుగా నీటి ఫిల్టర్ తీసి పక్కన పెట్టండి. వాటర్ హీటర్ లోపల ఉక్కు ట్యాంకు ఉంటే దానికి సాధారణంగా యానోడ్ కడ్డీ ఉంటుంది. తాను కరుగుతూ ట్యాంకును తుప్పు నుంచి కాపాడడమే దాని పని. ఏటా విప్పి చూసి నాలుగింట మూడు వంతులు కరిగిపోయి ఉంటే మార్చాలి. అల్యూమినియం ట్యాంకులకు ఈ కడ్డీ ఉండదు. విప్పేముందు హీటర్ చల్లారిందనీ, ఒత్తిడి వదిలేశామనీ రూఢి చేసుకోండి. నీరు గడ్డకట్టే చలి ఉన్న ప్రాంతంలో బండి నిలుపుతుంటే, మొదటి మంచు రాకముందే ట్యాంకులు, హీటర్, పంపు, షవర్ గొట్టం అన్నీ ఖాళీ చేసి కొళాయిలు తెరిచి ఉంచాలి. పైపుల్లో యాంటీఫ్రీజ్ పోయదలిస్తే మోటార్‌హోమ్‌ల కోసం అమ్మే ప్రొపిలీన్ గ్లైకాల్ రకమే పోయాలి. కారు రేడియేటర్లలో సాధారణంగా వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం.

ఇంటి బ్యాటరీ (నివాస భాగానికి కరెంటు ఇచ్చేది) ఎక్కువగా చచ్చేది వాడకం వల్ల కాదు, ఖాళీగా వదిలేయడం వల్ల. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్ని గంటలు ఏ పనీ లేకుండా ఉంచిన తర్వాత సుమారు 12.7 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్లు, 12.2 దగ్గరకు వస్తే సగం అయిపోయినట్లు. సగం కంటె దిగువన వారాల తరబడి ఉంటే పలకల మీద సల్ఫేటు గట్టిపడి మళ్లీ పూర్తిగా ఛార్జి కాదు. బండి నిలిచిన కాలంలో అలారం, రేడియో, గడియారం వంటివి మెల్లగా తాగేస్తూనే ఉంటాయి కాబట్టి నెలకు ఒకసారి వోల్టేజీ చూసి పూర్తిగా ఛార్జి చేయండి. బిరడాలు ఉన్న రకమైతే అదే రోజు నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి లెక్క వేరు: దాన్ని దాదాపు సగం ఛార్జితో నిలపడం మంచిది, సున్నా డిగ్రీల కంటె చలిగా ఉన్నప్పుడు ఛార్జి చేయకూడదు.

జనరేటర్ ఉంటే దానికి గంటల మీటరు ఉంటుంది. ఆయిల్ మార్పు ఆ గంటలను బట్టి, లేదా ఏడాదికి ఒకసారి, ఏది ముందు వస్తే అది. వాడినా వాడకున్నా నెలకు ఒకసారి సుమారు రెండు గంటలు సగం లోడు మీద నడపండి, లేకపోతే పెట్రోలు కార్బ్యురేటర్‌లో జిగురుగా మారుతుంది. పైకప్పు ఏసీ ఫిల్టర్‌ను వాడే రోజుల్లో రెండు వారాలకు ఒకసారి కడగడం చాలు. టాయిలెట్ రబ్బరు సీలుకు, పక్కకు జరిగే గది ఉంటే దాని సీళ్లకు, మూడు నెలలకు ఒకసారి సిలికాన్ స్ప్రే వేయండి. వాజెలిన్ వంటివి రబ్బరును ఉబ్బిస్తాయి.

మీ బండికి పాత కాగితాలు లేవన్నారు కాబట్టి, గడువులు లెక్కించడానికి మీకు మొదటి తేదీ అంటూ ఒకటి కావాలి. ఈ నెలలోనే తేమ పరీక్ష, గ్యాస్ పరీక్ష చేయించి, టైర్ల తేదీలు చదివి, అలారాలు మార్చి, ఇంజిన్ ఆయిల్, బ్రేక్ ఫ్లూయిడ్, టైమింగ్ బెల్టు ఉంటే అది కూడా మార్పించండి. తేమ పరీక్షను అన్నిటికంటె ముందు చేయించండి, ఎందుకంటే అందులో 30 దాటిన అంకెలు వస్తే మిగతావాటి మీద డబ్బు పెట్టేముందు బాగుచేయడానికి ఎంతవుతుందో తెలుసుకోవాలి. ఆ తర్వాత ఒక నోటుపుస్తకంలో తేదీ, కిలోమీటర్లు, జనరేటర్ గంటలు, చేసిన పని, తేమ కొలతలు వేర్వేరు గడుల్లో రాయడం మొదలుపెట్టండి. తర్వాతి వార్షిక సర్వీసును ప్రయాణాల కాలానికి ముందు కాక, అది ముగిసిన వెంటనే పెట్టుకోండి. అప్పుడు వర్క్‌షాపుల్లో రద్దీ తక్కువ ఉంటుంది, కనిపించిన లీకును బండి నిలిచే కాలం మొదలవకముందే మూసివేయవచ్చు.